నీళ్ళకుండ పక్కన రాసిన పాస్‌వర్డ్

ఈ మధ్య ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకన్నా ముందు వైఫై పాస్‌వర్డ్ ఇస్తున్నారు. చిన్నపిల్లలైతే గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడుగుతున్నారు. అది విన్నప్పుడల్లా నాకు ఒక నీళ్ళకుండ గుర్తొస్తుంది. దాని పక్కన కూర్చున్న ఒక మనిషి గుర్తొస్తాడు. ఆ తర్వాత కాసేపు నాకు ఏ పనీ తోచదు.

నేను టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పర్చూరు చుట్టుపక్కల మిరప, పత్తి, పొగాకు చేల మధ్య స్తంభాలెక్కి తీగలు లాగడంతో మొదలుపెట్టి, ఇళ్ళల్లో ఇంటర్నెట్ పెట్టెలు బిగించడంతో ముగించాను. అన్నేళ్ళూ నాతో కలిసి పనిచేసినవాడు మా కేబుల్ జాయింటర్. భూమిలో పాతిన లావు కేబుల్ తెగితే గోతిలో దిగి, అందులోని సన్న తీగల్ని రంగుల్ని బట్టి ఏరి మళ్ళీ జత కలిపేవాణ్ణి జాయింటర్ అంటారు. నాకన్నా కొన్నేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఊళ్ళల్లో అందరూ సాయిబుగారు అనేవాళ్ళు. వానలో ఆయన గోతిలో కూర్చుని తీగలు మెలిపెడుతుంటే పైన గొడుగు పట్టుకుని నిలబడటమే నేను నేర్చుకున్న మొదటి ఉద్యోగం. గొడుగు కాస్త పక్కకి ఒరిగితే చాలు, "ఏరా, తడిసేది నేనా కేబులా? నన్నొదిలేసి దానికి పట్టు" అనేవాడు.

వైఫై వచ్చిన కొత్తలో ఆయనకి దిగులు పట్టుకుంది. "ఇన్నాళ్ళూ తీగ పట్టుకుంటే తప్పు ఎక్కడుందో చేతికి తెలిసేది. ఇప్పుడు గాలిని పట్టుకోమంటున్నారు" అని ఎక్స్ఛేంజిలో టీ తాగుతూ సణిగేవాడు. అయినా నేర్చుకున్నాడు. నేర్చుకోవడమే కాదు, మాకు ట్రైనింగులో ఇంగ్లీషులో చెప్పి పంపించినదాన్ని మా ఊళ్ళ భాషలోకి దించాడు. ఏ ఇంటికి పెట్టె బిగించడానికి వెళ్ళినా ఆ ఇంటి ఆడవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి చెప్పేవాడు. మగవాళ్ళకి చెబితే తలూపుతారు గానీ వినరని ఆయన నమ్మకం.

"కాలవ నీళ్ళు మీ చేలోకి ఎట్టా వస్తాయమ్మా? తూములోంచి బోదెలో పడి, మడవ దగ్గర చీలతాయి. బయటినుంచి ఇంటర్నెట్టు ఇంట్లోకి తెచ్చేది మోడెం. అది తూము. దాన్ని ఫోనుకింత, టీవీకింత, కంప్యూటరుకింత పంచేది రౌటరు. అది మడవ. ఈ పెట్టెలో రెండూ ఉన్నాయి."

"మరి గాల్లో పోయేది పక్కింటోళ్ళకి వినపడదా సాయిబుగారూ?" అని ఒకావిడ అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదే. పట్నంలో చదువుకున్నవాళ్ళు కూడా అడగరు.

"వినపడుద్ది. అందుకే క-భాషలో పోద్ది. చిన్నప్పుడు ఆడపిల్లలు అక్షరానికో క తగిలించి మాట్లాడుకునేవాళ్ళు, గుర్తుందా? అందరికీ వినపడేది, తెలిసినోళ్ళకే అర్థమయ్యేది. పాస్‌వర్డ్ తెలిసిన ఫోనుకే ఈ భాష అర్థమవుద్ది."

డబ్ల్యూపీఏ టూ అని పెట్టె మీద రాసి ఉండే భద్రతని ఇంతకన్నా బాగా నాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలూ, మీ ఇంటి పెట్టె సెట్టింగుల్లో ఆ మాటో, దాని తర్వాత వచ్చిన త్రీయో ఉందా లేదా ఒకసారి చూసుకోండి. పాతకాలపు డబ్ల్యూఈపీ ఉంటే అది చీపురుపుల్లతో వేసిన గడియ. ఓపెన్ అని ఉంటే ఆ గడియ కూడా లేదన్నమాట.

ఆయనకి ఇంకో అలవాటుండేది. ఫ్యాక్టరీలో పెట్టిన నెట్‌వర్క్ పేరుని ఏ ఇంట్లోనూ ఉంచేవాడు కాదు. అందులో పెట్టె కంపెనీ, మోడల్ కనబడతాయి, దొంగకి మన తాళం ఏ రకమో మనమే చెప్పినట్టు అవుతుంది. అందుకని ఇంట్లో పెద్దావిడని పిలిచి, "అమ్మా, దీనికి పేరు పెట్టండి" అనేవాడు. బారసాల చేయించినట్టే ఉండేది. ఒకావిడ చచ్చిపోయిన గేదె పేరు పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఇంకో ఆవిడ 'గేటు వేసి రండి' అని పెట్టించింది. ఆ వీధిలో ఎవరు ఫోను తెరిచినా గేటు వేసి రండి అని కనబడేది. గొడ్లు దొడ్లోకి రావడం తగ్గిందని ఆవిడ మాతో గట్టిగా చెప్పింది.

వింతలకి తక్కువేం లేదు. ఒకాయన సిగ్నల్ రావడం లేదని పొద్దుటినుంచీ ఫోన్లు చేసి మమ్మల్ని తిట్టాడు. వెళ్ళి చూస్తే పెట్టె ఇనప బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది. "సెక్యూరిటీ ముఖ్యం అని మీరే కదండీ చెప్పారు" అన్నాడు. అన్న బీరువా తలుపు తెరిచి, ఫోనులో గీతలు పెరగడం చూపించి, మళ్ళీ మూసి, తగ్గడం చూపించాడు. ఇంటాయన నమ్మాడు గానీ పెట్టెని బీరువా పైన పెట్టి, దాని మీద పట్టు గుడ్డ కప్పాడు.

ఇక కుండ సంగతికి వస్తాను.

పర్చూరు నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఒక ఊరుంది, పేరెందుకులెండి. ఊరి మొదట్లో ఒక మిరప రైతు ఇల్లు, దాన్ని ఆనుకునే కల్లం. కోసిన మిరపకాయలు ఎండబెట్టే జాగాని మావైపు కల్లం అంటాం. సీజన్లో నేల కనబడదు, అంతా ఎరుపే. ఎండాక టిక్కీలనే పెద్ద బస్తాల్లో తొక్కి లారీలకెత్తుతారు. అటు పోయే బస్సులో కిటికీలు వేసుకున్నవాళ్ళు కూడా తుమ్ముతారు. భర్త పోయాక ఆ వ్యవసాయమంతా ఆ ఇంటావిడే చూసుకునేది. మేమిద్దరం ఆమెని అక్కా అనేవాళ్ళం. గొంతు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. కల్లం గోడ పక్కన, రోడ్డు మీద పోయేవాళ్ళకి అందేటట్టు ఒక నీళ్ళకుండ పెట్టేది. వేసవిలో చలివేంద్రాలు ఎవరైనా పెడతారు. ఈమె కుండ ఏడాది పొడుగునా ఉండేది. రోజూ పొద్దున్నే తనే కడిగి నింపేది.

ఆమెకి ఒక్కడే కొడుకు. కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతూ ఆన్‌లైన్ క్లాసులు వినడానికి కనెక్షన్ తీసుకున్నాడు. అన్న వెళ్ళి బిగించాడు. పేరు పెట్టమంటే అక్క ఆలోచించకుండా "కల్లం అని పెట్టు" అంది. పాస్‌వర్డ్ కుర్రాడి చేతే పెట్టించాడు. "సెల్ నంబరొద్దు, పుట్టినరోజొద్దు, ఊరి పేరొద్దు. అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా పెట్టుకో. రౌటరు లోపలికి పోయి మార్పులు చేసే తాళం వేరే ఉంటది, దానికి ఫ్యాక్టరీవాడిచ్చింది తీసేసి ఇంకోటి పెడుతున్నా. రెండూ ఒకటే పెట్టమాక" అని వదలకుండా చెప్పాడు. అంతా పద్ధతి ప్రకారం జరిగింది.

ఆ ఏడు మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు వచ్చారు. ఏటా వస్తారు. వానల్లేని ఊళ్ళ నుంచి సామాను మూటలతో దిగి, కల్లం పక్కనే పట్టాలు కట్టుకుని, కోతలయ్యేదాకా ఉండి పోతారు. కొందరు పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు, కొందరు ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర వదిలొస్తారు. వాళ్ళ సిమ్ములకి ఆ ఊళ్ళో సిగ్నల్ రాదు. మా టవర్ ఒక్కటే ఉండేది. రెండు నెలల కోసం నంబర్లు మార్చుకుంటారా ఎవరైనా? ఒకరోజు ఒక పడుచుపిల్ల నీళ్ళు తాగుతూ, "పెద్దమ్మా, మీ ఇంట్లో నెట్టుందంట కదా. నా బిడ్డని సూసి వారమాయె" అని అడిగింది. అక్క కొడుకుని పిలిచి ఇవ్వమంది. మర్నాడు ఇంకొకరు అడిగారు. ఆ తర్వాత అడిగినవాళ్ళకల్లా చెప్పలేక, గేటుకి వేసిన నీలం రంగు మిగిలితే, అక్క దగ్గరుండి కొడుకు చేత పాస్‌వర్డ్ మొత్తం కుండ పైన గోడ మీద రాయించింది.

మీకు నవ్వొస్తుందని తెలుసు. ఆమె లెక్క ఆమెకుంది. నీళ్ళు అడిగినవాళ్ళకి లేదనకూడదు. ఇది నీళ్ళకన్నా నయం, ఎంతమంది తోడుకున్నా తరగదు, మళ్ళీ నింపే పని లేదు. మా ప్రాంతపు మనిషికి తప్ప ఇలాంటి తప్పు చేసే మనసు ఇంకెవరికీ ఉండదని నాకు ఇప్పటికీ గర్వమే.

సాయంత్రం పొద్దు వాలే వేళకి కోతలు ముగించుకుని వచ్చి, ఆ గోడకి వీపు ఆనించి వరసగా కూర్చునేవాళ్ళు. మిరప కోసిన వేళ్ళు మండుతుంటాయి. ఆ చేతులతో కళ్ళు ముట్టుకోకూడదు. అందుకని ఫోనులో పిల్లలు కనబడి ఏడుపొస్తే జబ్బతో తుడుచుకునేవాళ్ళు. ఆ పడుచుపిల్ల కూతురికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. రోజుకో కొత్త మాట వినడానికి ఆమె చేలో నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేదని అక్క మాకు తర్వాత చెప్పింది.

కొడుకు పరీక్ష నెగ్గాడు, పరుగు నెగ్గాడు. ఇక ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది. పోలీసు ఉద్యోగానికి ముందు కుర్రాడి మీద కేసులేమైనా ఉన్నాయా అని చూస్తారు. సరిగ్గా అప్పుడే పక్క మండలంలో ఒక టీచరుగారికి ఎవరో దొంగ పేరుతో నీచమైన మెసేజీలు పెట్టారు. ఆమె ధైర్యంగా ఫిర్యాదు చేసింది. ఆ మెసేజీలు ఏ కనెక్షన్ నుంచి పోయాయో ఆరా తీస్తే ఐపీ అడ్రసు వచ్చి ఈ కల్లం ఇంటి దగ్గర ఆగింది. ఇంట్లో వయసులో ఉన్న మగవాడు ఒక్కడే.

ఎస్సైగారు ఊళ్ళోకి వస్తూ మా ఎక్స్ఛేంజికి కబురు పెట్టారు, కనెక్షన్ చూపించడానికి మనిషిని పంపమని. అన్నా నేనూ వెళ్ళాం. మేం వెళ్ళేసరికే కల్లం చుట్టూ జనం. అక్క అరుగు మీద కూర్చుని ఎస్సైగారికి ఏదో చెబుతోంది, ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. కొడుకు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

ఎస్సైగారు కుర్రాడే, ఇంజినీరింగ్ చదివి వచ్చినవాడు. మాకు తెలిసిందంతా ఆయనకి తెలుసు. "ఐపీ అడ్రసంటే ఇంటి అడ్రసు, మనిషి అడ్రసు కాదు. అది నాకూ తెలుసు. కానీ ఈ ఇంట్లో ఉన్నది నువ్వూ మీ అమ్మా. నేనేం రాసుకోవాలి?" అని కొడుకుని అడిగారు.

అన్న రౌటరు లోపలికి వెళ్ళి చూశాడు. అప్పటికి కలిసి ఉన్న ఫోన్లు మాత్రమే కనబడ్డాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాతవన్నీ చెరిగిపోయే చవక పెట్టె అది. మా ఊళ్ళల్లో కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అన్న తల అడ్డంగా ఊపాడు. అప్పుడు జనంలోంచి ఎవరో అన్నారు, "ఇంకెవరండీ, ఆ కర్నూలోళ్ళే చేసుంటారు. రాత్రీ పగలూ ఆ గోడకే అంటుకుని ఉంటారు."

ఎస్సైగారు "ఏ గోడ?" అన్నారు.

అందరం గోడ దగ్గరికి వెళ్ళాం. కుండ, దాని మీద మూత, గొలుసు కట్టిన గ్లాసు, పైన బెత్తెడు అక్షరాలతో నీలం రంగు. ఎస్సైగారు ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. "ఇది పాస్‌వర్డా?" అన్నారు. అన్న నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నీళ్ళు తాగేవోళ్ళు అడుగుతుంటే రాయించానయ్యా" అంది అక్క. "కర్నూలోళ్ళు, కర్నూలోళ్ళు అంటన్నారు. ఈ రోడ్డెమ్మట పోయేవోళ్ళంతా ఆ కుండలో నీళ్ళు తాగుతారు. టిక్కీలెత్తే లారీలోళ్ళు, మందులమ్మేవోళ్ళు, ఊళ్ళో మీరు తాగలేదా? నా నీళ్ళు తాగినోళ్ళ మీద నేను నింద వెయ్యను. నా కొడుకు మీదా వెయ్యను."

ఆ మాటకి గుంపులో ఇద్దరు ముగ్గురు ఫోన్లు జేబుల్లో పెట్టుకోవడం నేను చూశాను.

ఎస్సైగారు అక్క వైపు తిరిగారు. "అమ్మా, నేను మిమ్మల్ని నమ్ముతున్నా. దారిన పోయే ఎవరైనా వాడుకునేటట్టు ఉందని ఉన్నది ఉన్నట్టు రాస్తా, అసలువాణ్ణి వెతుకుతాం. కానీ ఇవాళే ఇది మూసెయ్యాలి. ఇంకొక్క మెసేజీ ఇక్కణ్ణించి పోయిందంటే మీవాడి ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను. ఈ పెట్టెలోంచి ఎవరు ఏం చేసినా అది మీ ఇంటి పేరు మీదే పడుతుంది."

అక్క తలూపింది. లోపలికెళ్ళి సున్నం బకెట్టు తెచ్చింది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కుంచె ముంచి ఆ నీలం అక్షరాల మీద కొట్టింది. ఒకసారికి పోలేదు. రెండోసారి కొట్టింది. తర్వాత కుండ వైపు చూసి, "ఇది కూడా తీసెయ్యమంటారా?" అని అడిగింది.

ఎస్సైగారు వంగి కుండ మూత తీశారు. గ్లాసు ముంచుకుని నీళ్ళు తాగారు. "కుండ ఉండనివ్వండమ్మా" అని జీపెక్కారు.

అన్న కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. ఆ పెట్టె మీద ఒక బొత్తాం నొక్కితే ఎదురుగా ఉన్న ఫోను పాస్‌వర్డ్ లేకుండానే కలిసిపోయే వసతి ఉంటుంది, డబ్ల్యూపీఎస్ అంటారు. దాన్ని కూడా ఆపేశాడు. మేం సామాను సర్దుకునేసరికి కూలీలు చేలనుంచి వచ్చారు. ఆ పడుచుపిల్ల అందరికన్నా ముందు వచ్చింది. గోడకి ఆనుకుని కూర్చుని ఫోను చూసింది. లేచింది. ఫోను పైకెత్తి పట్టుకుంది. అప్పుడు తలెత్తి తడి సున్నాన్ని చూసింది. ఎందుకని ఆమె అడగలేదు. పరాయి ఊరు కదా, అడగలేరు. నీళ్ళు మాత్రం ఒక గ్లాసు తాగి పక్కకెళ్ళి కూర్చుంది.

అక్క వాకిట్లో నిలబడి ఇదంతా చూసి లోపలికి పోబోయి మా దగ్గర ఆగింది. "వాళ్ళ మొహం ఎట్టా చూసేది తమ్ముడూ? పోనీ నువ్వే ఏదన్నా దారి చెప్పు" అంది అన్నతో.

నాకు ఒక దారి తెలుసనిపించి, గెస్ట్ నెట్‌వర్క్ పెడదామన్నాను. ఒకే పెట్టెలో అతిథులకి వేరే పేరు, వేరే తాళం పెట్టొచ్చు. వాళ్ళు మన కంప్యూటర్ల జోలికి రాలేరు. అన్న ఒప్పుకోలేదు. "అతిథులకి వేరే గది ఇస్తావు, బానే ఉంది. ఆ గదిలో ఉన్నోడు వీధిలోకి రాయి విసిరితే దెబ్బ తిన్నోడు ఏ ఇంటికొస్తాడురా? బయటికి అడ్రసు ఒకటేగా. పిల్లోడికి ఉద్యోగం చేతికొచ్చేదాకా ఈ ఇంటి పేరు మీద ఏదీ పోకూడదు."

అంటూనే జేబులోంచి తన ఫోను తీశాడు. హాట్‌స్పాట్ తెరిచాడు. మనకి సిగ్నలున్న ఫోనే చిన్న రౌటరైపోయి చుట్టూ ఉన్న ఫోన్లకి నెట్టు పంచుతుంది, దాన్నే హాట్‌స్పాట్ అంటారు. ఆ పడుచుపిల్లని పిలిచి, "అమ్మాయ్, దీనికో పేరు పెట్టు" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. చుట్టూ చూసి, కనబడ్డదాని పేరే చెప్పింది. నీళ్ళకుండ.

నేను అన్నని పక్కకి లాగాను. "అన్నా, రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని నీకెందుకిది? రేపు ఏదన్నా జరిగితే నీ పేరు మీదకొస్తుంది."

"నా పేరు మీదేగా. ఆ కుర్రోడి పేరు మీద కాదుగా" అన్నాడు. "ఇయ్యాల్టిదాకా ఏం తప్పు జరిగిందో తెలుసా? నీళ్ళు పెట్టింది గానీ తాగేవోళ్ళని చూట్టానికి మనిషి లేడు. నేనిక్కడే కూర్చుంటా. తాళం నేనే కొడతా ఒక్కో ఫోన్లో. ఎన్ని ఫోన్లు కలిశాయో నా ఫోన్లో కనపడుద్ది, ఎవరు కలిశారో నా కళ్ళకి కనపడుద్ది. లేచి పోయేటప్పుడు కట్టేస్తా. ఇంతకన్నా సెక్యూరిటీ ఏం కావాల్రా?"

నేను ఎన్నో ట్రైనింగులకి వెళ్ళాను. ఈ మాటకి మించింది ఎవరూ చెప్పలేదు.

ఆ సీజనంతా అన్న డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోకుండా తన పాత మోపెడ్ మీద ఆ ఊరికి పోయేవాడు. కుండ పక్కన అక్క ఒక నవారు మంచం వేయించింది. కూలీలు సాయిబన్నా సాయిబన్నా అంటూ చుట్టూ చేరేవాళ్ళు. నేనూ చాలాసార్లు వెళ్ళేవాణ్ణి, పనేమీ లేకపోయినా. వెళ్ళి ఆయన హాట్‌స్పాట్‌కే నా ఫోనూ కలిపేవాణ్ణి.

"నీ సిమ్మూ మనదేగా, నీకూ సిగ్నలుందిగా, నా డేటా ఎందుకు తింటావురా?" అనేవాడు.

"నాది దాచుకుంటున్నా అన్నా."

"దాచుకో, దాచుకో. ఉప్పులో ఊరేసుకో."

నాకు కావలసింది డేటా కాదని ఆయనకి తెలియకపోదు. ఆ మంచం మీద ఒక కొసన కూర్చుని మిరప ఘాటులో, ఆ సందట్లో, అలవాటైన మనిషి పక్కన పొద్దు గడపడం నాకు కావలసి వచ్చింది. ఎక్స్ఛేంజి అప్పటికే ఖాళీ అయిపోతోంది. ఒకప్పుడు లోపల మిషన్లు టకటకమంటుంటే మాట వినబడేది కాదు. చివరి రోజుల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఇద్దరికీ వెళ్ళడానికి ఒక చోటంటూ మిగిలింది ఆ కుండ దగ్గరే.

ఆ పడుచుపిల్ల కూతురు ఫోనులో అన్నని రోజూ చూసి చూసి, తల్లి కనబడగానే ముందు "తాత ఏడీ?" అని అడిగేది. తల్లి ఫోను ఇటు తిప్పేది. అన్న టోపీ తీసి పెట్టి, తీసి పెట్టి నవ్వించేవాడు. గోతిలో కూర్చుని కేబుల్ జత కలిపేటప్పుడు కనబడే మొహం ఒకటుంది ఆయనకి, కలిసిందిరా అన్నప్పుడు. ఆ మొహమే మళ్ళీ చూశాను.

అసలువాడు కొన్నాళ్ళకి దొరికాడు. ఆ టీచరుగారి ఊరివాడే, వ్యాను తోలుతూ మిర్చి టిక్కీల కోసం వచ్చి ఆ గోడ నీడలో బండి ఆపుకునేవాడు. ఇంకో ఊరి నుంచి మళ్ళీ అదే పని చేసి పట్టుబడ్డాడు. అక్క కొడుకు ఉద్యోగంలో చేరాడు. కర్నూలోళ్ళు అన్నవాళ్ళు ఎవరూ వెళ్ళి ఆ కూలీలతో ఒక్క మాట అనలేదు. అక్క మాత్రం వాళ్ళు ఊరికి పోయే రోజున అందరికీ భోజనం పెట్టింది.

తర్వాతి ఏడు కూడా కోతలకి వాళ్ళు వచ్చారు, అన్న వెళ్ళాడు. కొడుక్కి ఉద్యోగం వచ్చాక ఇంట్లో వైఫై ఇస్తానని అక్క అంటే, "ఉండనీ అక్కా, నాకు పొద్దు పోవద్దా" అన్నాడు. రిటైరయ్యాక కూడా ఆపలేదు. కిందటేడు వానాకాలంలో, పొద్దున లేచి టీ పెట్టమని చెప్పి, టీ వచ్చేసరికి లేడు. మట్టి వేసి వచ్చిన రోజు ఎంత వాన కురిసిందంటే, నేను గొడుగు తీసుకెళ్ళి కూడా తెరవలేదు. ఎవరికి పట్టాలి?

అప్పటికి నేనూ రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే దిక్కు తోచేది కాదు. ఫోనులో సేవ్ అయిన నెట్‌వర్కుల్లో నీళ్ళకుండ పేరు అలాగే ఉంది, కింద పరిధిలో లేదు అని చూపిస్తూ. రోజుకొకసారైనా తెరిచి చూసేవాణ్ణి. చూసి ఏం చేస్తాను, మూసేసేవాణ్ణి. అన్న మీద బెంగ పెట్టుకున్నానని మా ఇంట్లో చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది. ఈ వయసులో బెంగేమిటంటారు.

మిరపకోతలు మొదలయ్యాయని తెలిసిన రోజు సాయంత్రం బస్సెక్కి ఆ ఊరెళ్ళాను. అక్క నన్ను చూసి మంచం వాల్చి, దాన్ని కుండ పక్కకి జరిపింది. గోడ మీద సున్నం కొట్టిన మేర ఇంకా తెల్లగానే ఉంది. కూర్చుని నా ఫోనులో హాట్‌స్పాట్ తెరిచాను. పేరు దగ్గర నీళ్ళకుండ అని, ఆయన ఎలా రాశాడో అక్షరం తేడా లేకుండా రాశాను. సేవ్ అయిన నెట్‌వర్కుని ఇంకొకరికి పంచే వసతి ఫోన్లలో ఉంటుంది, అందులో ఆయన పెట్టిన తాళం కనబడింది. దాన్నే కొట్టాను. ఆ తాళం ఏమిటో ఇక్కడ రాయను, రాస్తే ఆయన ఊరుకోడు. పిల్లలూ, మీకు తెలిసే ఉంటుంది. పేరూ తాళమూ భద్రతా రకమూ అవే అయితే పాత ఫోన్లు మనిషి మారాడని చూడవు, వాటంతటవే వచ్చి కలుస్తాయి.

పొద్దు వాలింది. చేలనుంచి వాళ్ళు వస్తున్నారు. ముందు వస్తున్నది ఆమే. నన్ను గమనించలేదు. చేతులు కడుక్కుందామని ఫోను గోడ మీద పెట్టి కుండ వైపు వంగింది. ఆమె ముట్టుకోకుండానే ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగిపోయిన మెసేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతున్నాయి. ఆమె మొహం విప్పారింది. రోడ్డు వైపు, మోపెడ్ వచ్చే వైపు మెడ చాచి చూసింది.

"సాయిబన్న వచ్చినాడా పెద్దమ్మా? యాడున్నాడు?"

అక్క మొహం తిప్పుకుంది. అప్పుడు ఆమె నన్ను చూసింది, నా చేతిలో ఫోను చూసింది. కాసేపటికి అర్థమైంది. మోచెయ్యి ఎత్తి జబ్బతో కళ్ళు తుడుచుకుని, మంచం పక్కన నేల మీద కూలబడింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

ఇంతలో ఆమె ఫోను మళ్ళీ మోగింది. ఊరినుంచి పిల్ల. ఎదిగింది, మాటలన్నీ వచ్చేశాయి. తల్లిని ఒక్క క్షణం చూసి, "తాత ఏడీ? టోపీ తాత?" అంది. ఏం చెప్పాలో తెలియక తల్లి ఫోను నా వైపు తిప్పింది. ఆ పిల్ల నన్ను పరీక్షగా చూసింది.

"నువ్వెవరు?"

"ఆ తాత నన్ను పంపించాడమ్మా" అన్నాను.